పక్క ఊరి ఆపరేటర్‌కి తక్కువ, నాకు ఎక్కువ ఎందుకు? కేబుల్ టీవీ హోల్‌సేల్ రేట్ల లెక్క

ప్రశ్న, క్లుప్తంగా: "అన్నా, మాది రాయదుర్గం దగ్గర పల్లె. నాన్న నడిపిన కేబుల్ లైను ఇప్పుడు నేను చూసుకుంటున్నా. నాలుగు వందల బాక్సుల దాకా ఉన్నాయి. మా ఎం.ఎస్.ఓ. (మాకు పైనుంచి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ) నా దగ్గర బాక్సుకి తీసుకునే డబ్బు, ఉరవకొండ వైపు ఇంకో ఆపరేటర్ దగ్గర తీసుకునేదాని కంటే ఎక్కువ. అడిగితే 'ఛానెల్ వాళ్లు రేట్లు పెంచారు' అంటారు. అసలు ఛానెల్ రేటు ఎవరు పెడతారు? ఒకే ప్యాకేజీకి ఇద్దరికి రెండు రేట్లు ఉండొచ్చా? కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేస్తే పని జరుగుతుందా? ఎం.ఎస్.ఓ.ని మార్చేస్తే మంచిదా?"

తమ్ముడూ, నేను అనంతపురంలో ఒక కేబుల్ కంట్రోల్ రూమ్‌లో అగ్రిమెంట్లు, బిల్లింగు చూసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. పైన ఛానెల్ వాళ్లతో చేసుకునే ఒప్పందాలు, కింద ఆపరేటర్లతో చేసుకునే ఒప్పందాలు రెండూ నా టేబుల్ మీద నుంచే పోయేవి. ఇప్పుడు జిల్లాలో చిన్న ఆపరేటర్లకు కాగితాలు చూసి పెడుతుంటాను. నీలాంటి ప్రశ్న తరచూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు అసలు మాట చెప్పేస్తా. ఛానెల్‌కి అచ్చేసిన రేటు కేబుల్‌కైనా డీటీహెచ్‌కైనా ఒకటే. దాని మీద పోట్లాడితే నీకు రూపాయి కూడా రాదు. తేడా అంతా ఆ రేటు కింద పుడుతుంది. ఎం.ఎస్.ఓ.కి ఛానెల్ వాళ్లు ఇచ్చే డిస్కౌంటులో పుడుతుంది, మార్కెటింగ్ పేరుతో చేతులు మారే డబ్బులో పుడుతుంది, ఎన్ని బాక్సులు అన్న లెక్కలో పుడుతుంది. చివరగా, నీకూ ఎం.ఎస్.ఓ.కీ మధ్య ఉన్న వాటాలో పుడుతుంది. నీ తేడా ఎక్కడిదో తెలియకుండా ఎక్కడ ఫిర్యాదు పెట్టినా కాగితం తిరిగొస్తుంది.

ఛానెల్ హోల్‌సేల్ రేటులో ప్రభుత్వం ఎందుకు తలదూర్చిందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. సోనా మసూరి ఖరీదైతే జనం ఇంకో రకం బియ్యం కొంటారు. ఇండియా మ్యాచ్ వచ్చే ఛానెల్ లేకపోతే దాని బదులు ఇంకో ఛానెల్ చూడండి అని కస్టమర్‌కి చెప్పలేం. ప్రతి పెద్ద ఛానెల్ తన మటుకు తను ఒక గుత్తాధిపత్యమే. అందుకే 2004 జనవరిలో కేబుల్, బ్రాడ్‌కాస్టింగ్ రంగాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కిందికి తెచ్చారు. అప్పటిదాకా ట్రాయ్ ఫోన్ల సంగతే చూసేది. వచ్చిన వెంటనే 2003 డిసెంబరు 26 నాటి రేట్లను మించకూడదని కట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో ఇంటర్‌కనెక్షన్ నిబంధనలు వచ్చాయి. ఛానెల్ ఉన్నవాడు అడిగిన ప్రతి పంపిణీదారుకూ వివక్ష లేకుండా సిగ్నల్ ఇవ్వాలి. ట్రేడ్‌లో దీన్నే 'మస్ట్ ప్రొవైడ్' అంటాం.

నిబంధన బాగానే ఉంది కానీ బాక్సులు లేని అనలాగ్ కాలంలో దాన్ని అమలు చేసే దారి లేదు. వైరు ఎన్ని ఇళ్లకు పోయిందో ఎవరికీ తెలియదు. మీ నాన్నని అడుగు, 'కనెక్టివిటీ' అంటే ఏంటో చెప్తారు. ఛానెల్ తరఫు మనిషి ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చి ఒక అంకె చెప్పేవాడు. ఎం.ఎస్.ఓ. అందులో పావు వంతు ఒప్పుకునేవాడు. టీలు, భోజనాలు అయ్యాక మధ్యలో ఎక్కడో ఒక అంకె దగ్గర తెగేది. ఎం.ఎస్.ఓ. మళ్లీ ఆపరేటర్‌తో అదే బేరం ఆడేవాడు. అందులో రేటు పేరుకే ఉండేది, బేరమంతా అంకె మీద. ఎవరికి బలం ఉంటే వాళ్లకు తక్కువ పడేది.

2011లో చట్టం మార్చి డిజిటల్ బాక్సులు తప్పనిసరి చేశారు. కర్నూలు, కడప, అనంతపురం లాంటి పట్టణాలు మూడో దశలోకి వచ్చాయి. వాటికి గడువు 2015 డిసెంబరు 31. పల్లెలది నాలుగో దశ, ఆ గడువు చివరికి 2017 మార్చి 31 దాకా జరిగింది. బాక్సులు వచ్చాక లెక్క దొరికింది. అయినా రేటు దగ్గర మాత్రం పాత బేరమే నడిచింది. ఛానెల్ వాళ్లు ఆర్.ఐ.ఓ. పేరుతో ఒక రేటు కార్డు వేసేవాళ్లు. అందులో రేట్లు ఎంత పైన ఉండేవంటే, దాని మీద సంతకం పెడితే కంట్రోల్ రూమ్ మూసుకోవాల్సిందే. పెద్ద ఎం.ఎస్.ఓ.లు విడిగా కూర్చుని గంపగుత్తకు మాట్లాడుకునేవి. చిన్నవాళ్లకు రేటు కార్డు చూపించేవారు. నోయిడాకు చెందిన ఒక హిట్స్ సంస్థ (ఉపగ్రహం ద్వారా ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చేది) దీని మీద టీడీశాట్‌కి, అంటే టెలికాం, కేబుల్ తగాదాలు తీర్చే ట్రిబ్యునల్‌కి వెళ్లింది. 2015 డిసెంబరు 7న తీర్పు వచ్చింది. రేటు కార్డు అంటే నిజంగా వ్యాపారం నడిచే రేటు కార్డు అయ్యుండాలి, విడి బేరాలు దానికి దూరంగా పోకూడదు, బేరాలన్నీ గుట్టుగా పెట్టుకుని వివక్ష లేదంటే కుదరదు అన్నది దాని సారం. మన రంగంలో వచ్చిన తీర్పుల్లో చిన్నవాళ్లకు ఇంత మేలు చేసింది మరొకటి లేదని నా అభిప్రాయం. ఇప్పుడున్న పద్ధతికి పునాది అక్కడే పడింది.

ట్రాయ్ 2017 మార్చి 3న కొత్త టారిఫ్ ఆర్డరు, దానితోపాటు కొత్త ఇంటర్‌కనెక్షన్ నిబంధనలు ఇచ్చింది. స్టార్, విజయ్ టీవీ మద్రాసు హైకోర్టుకు వెళ్లాయి. మా కార్యక్రమాల మీద మాకు కాపీరైట్ ఉంది, ధర విషయంలో ట్రాయ్‌కి అధికారం లేదని వాదించాయి. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ట్రాయ్ అధికారాన్ని ఖాయం చేసింది. 2019 ఫిబ్రవరి నుంచి అమలు మొదలైంది. ఆ నెలలో నీ లైనులో ప్రతి ఇంటివాళ్లూ ఛానెళ్లు ఆగిపోయాయని మీ నాన్నకు ఫోన్లు చేసి ఉంటారు.

ఇక లెక్క. ఒక పే ఛానెల్ ఎం.ఆర్.పి. 19 రూపాయలు అనుకుందాం. పన్ను దీనికి అదనం, 18 శాతం జీఎస్టీ కలిపితే కస్టమర్‌కి 22 రూపాయల 42 పైసలు. ఆ 19లో 20 శాతం, అంటే 3 రూపాయల 80 పైసలు, పంపిణీ రుసుముగా ఛానెల్ వాళ్లు వదలాల్సిందే. ఇది ఎవరికైనా తప్పనిసరి. దీని మీద ఇంకో 15 శాతం దాకా డిస్కౌంటు ఇవ్వొచ్చు, అంటే 2 రూపాయల 85 పైసలు. రెండూ కలిపి 35 శాతం దాటకూడదు. పూర్తి డిస్కౌంటు తెచ్చుకున్న ఎం.ఎస్.ఓ. ఛానెల్‌కి కట్టేది 12 రూపాయల 35 పైసలు. ఏమీ తెచ్చుకోనివాడు కట్టేది 15 రూపాయల 20 పైసలు. ఈ రెండంకెల మధ్యే చట్టబద్ధమైన హోల్‌సేల్ రేటు ఉండాలి. ఒక్క ఛానెల్‌కి అంతలోనే 2 రూపాయల 85 పైసల తేడా చూడు. బొకేలో, అంటే ఛానెళ్లను కట్టగా కలిపి అమ్మే ప్యాకేజీలో, పది పే ఛానెళ్లుంటే ఎక్కడికి పోతుందో ఆలోచించు.

ఈ 15 శాతం డిస్కౌంటు ఎవరికి ఎప్పుడు ఇస్తారో ఛానెల్ వాళ్లు తమ ఆర్.ఐ.ఓ.లో బహిరంగంగా రాయాలి. ఆ షరతు తీర్చిన ఎవరికైనా ఇవ్వాలి. 2022 నవంబరు సవరణ ఇంకో మంచి పని చేసింది. డిస్కౌంటు ఇచ్చేటప్పుడు ఛానెల్‌ని విడిగా తీసుకున్నవాళ్లనీ బొకేలో తీసుకున్నవాళ్లనీ కలిపే లెక్కపెట్టాలి. బొకే అంటగడితేనే డిస్కౌంటు అనే పద్ధతికి అక్కడ అడ్డు పడింది.

నీకు 'ఛానెల్ వాళ్లు రేట్లు పెంచారు' అని చెప్పారు కదా. అది నిజమో కాదో నువ్వే చూసుకోవచ్చు. ప్రతి బ్రాడ్‌కాస్టర్ తన రేట్లు, ఆర్.ఐ.ఓ. తన వెబ్‌సైటులో పెట్టాలి. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని నీ ప్యాకేజీలో ఉన్న బొకేల రేట్లు మాత్రం చూడు. పది రూపాయలు పెరిగినచోట నీ బిల్లులో పాతిక పెరిగితే, ఆ మిగతా పదిహేను ఛానెల్ వాళ్ల ఖాతాలోది కాదు.

బొకే గురించి విడిగా చెప్పాలి, అసలు కొట్లాటంతా దాని మీదే నడిచింది. విడి ఛానెల్ 19 పెట్టి, ఇరవై ఛానెళ్ల బొకేని 49కో 59కో ఇస్తే విడిగా ఎవరు కొంటారు? 2017 ఆర్డరులో బొకే మీద డిస్కౌంటు 15 శాతం దాటకూడదని ఉండేది. మద్రాసు హైకోర్టు 2018లో ఆ పరిమితిని కొట్టేసింది. దాంతో ఎవరూ చూడని ఛానెళ్లు కూడా బొకేల్లో దూరాయి. ట్రాయ్ 2020 జనవరిలో, 12 రూపాయలు దాటిన ఛానెల్‌ని బొకేలో పెట్టకూడదు అంది. మళ్లీ కోర్టులు. 2021 జూన్ 30న బొంబాయి హైకోర్టు, విడి ధరకీ బొకే ధరకీ మధ్య తేడా మీద ట్రాయ్ పెట్టిన రెండు షరతుల్లో ఒకటి తీసేసి మిగతాది ఉంచింది. చివరికి 2022 నవంబరు 22న ట్రాయ్ ఆ 12 రూపాయల హద్దు వదిలి, ముందున్న 19 రూపాయల హద్దుకే వచ్చింది, బొకే డిస్కౌంటుకి 45 శాతం హద్దు పెట్టింది. అంటే విడిగా కలిపితే 60 రూపాయలయ్యే ఛానెళ్లను బొకేలో 33 కంటే తక్కువకు ఇవ్వకూడదు.

2023 ఫిబ్రవరిలో ఆ కొత్త రేట్లకు కొన్ని పెద్ద ఎం.ఎస్.ఓ.లు సంతకం పెట్టలేదు. స్టార్, జీ, సోనీ ఛానెళ్లు వాళ్లకు ఆగిపోయాయి. దాదాపు నాలుగున్నర కోట్ల ఇళ్ల మీద ప్రభావం పడిందని కేబుల్ ఫెడరేషన్ చెప్పింది. కేరళ హైకోర్టు దాకా వెళ్లినా, కొద్ది రోజుల్లోనే సంతకాలు పడ్డాయి. హోల్‌సేల్ బేరంలో ఎవరి చెయ్యి పైనుందో ఆ వారం తేల్చేసింది. సీరియల్ ఆగిన మర్నాడు ఇంటి ముందు నిలబడి సమాధానం చెప్పేది నువ్వు. ఛానెల్ యజమాని కాదు, ఎం.ఎస్.ఓ. కూడా కాదు.

మన రాయదుర్గం, మడకశిర, హిందూపురం, ఆదోని వైపు ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని ఢిల్లీలో ఎవరూ పట్టించుకోలేదు. మన సరిహద్దు ఊళ్లలో ఒకే ఇంట్లో అత్తకు కన్నడ సీరియల్ కావాలి, కోడలికి తెలుగు సీరియల్ కావాలి. బొకేలన్నీ భాషల వారీగా కడతారు. ఆ ఇంటికి రెండు భాషల బొకేలూ ఎక్కించాల్సి వస్తుంది, లేదా ఒక భాష విడి ఛానెళ్లుగా పూర్తి ఎం.ఆర్.పి.కి ఇవ్వాలి. ఉరవకొండ వైపు ఆపరేటర్‌కి ఈ బాధ అంతగా ఉండదు. నీ బిల్లు ఎక్కువ రావడానికి ఇదీ కారణం కావొచ్చు. ముందు ఇది తేల్చుకో. ఎన్ని బాక్సుల్లో రెండు భాషల బొకేలున్నాయో లిస్టు తీసి, వాటిని పక్కనపెట్టి, తెలుగు మాత్రమే ఉన్న బాక్సుల సగటును ఆయన సగటుతో పోల్చు. అప్పుడూ తేడా ఉంటే అది నిజమైన తేడా.

ఇప్పుడు బాక్సుల లెక్క. ఎం.ఎస్.ఓ. ప్రతి ఛానెల్‌కీ నెలవారీ లెక్క పంపాలి. ఆ లెక్క ఎలా తీస్తారో తెలుసా? నెలలో 7, 14, 21, 28 తేదీల్లో, రాత్రి 7 నుంచి 11 గంటల మధ్య ఒకసారి, ఆ ఛానెల్ ఎన్ని బాక్సుల్లో యాక్టివ్‌గా ఉందో సిస్టమ్‌లో నమోదు చేస్తారు. నాలుగింటి సగటే ఆ నెల చందాదారుల సంఖ్య. నీ లైనులో ఒక ఇల్లు ఒకటో తేదీన రీఛార్జి చేసుకుని, జీన్స్ కుట్టుపని డల్‌గా ఉందని ఇరవయ్యో తేదీన ఆపేసింది అనుకో. ఆ బాక్సు 7న, 14న కనిపిస్తుంది, 21న, 28న కనిపించదు. ఛానెల్‌కి ఎం.ఎస్.ఓ. కట్టేది సగం బాక్సుకే. మరి నువ్వు ముందుగా డబ్బు వేసి ఉంచే వాలెట్‌లోంచి ఎన్ని రోజులకు కోశారు? ఎల్.సి.ఓ. (లోకల్ కేబుల్ ఆపరేటర్) పోర్టల్‌లో ట్రాన్సాక్షన్ రిపోర్టు ఉంటుంది, ఎక్సెల్‌లో దించుకో. డీయాక్టివేట్ తేదీ ఒక కాలమ్‌లో ఉంటుంది, డెబిట్ అయిన మొత్తం ఇంకో కాలమ్‌లో ఉంటుంది. నెలలో ముప్పై నలభై బాక్సులు ఇలా మధ్యలో ఆగే లైనులో ఈ రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా తెలుస్తుంది. నేను చూసిన చిన్న ఆపరేటర్ల ఫైళ్లలో చాలావరకు నష్టం ఇక్కడే ఉంది, రేటు దగ్గర కాదు.

పైవైపు కూడా దొంగలెక్కలు ఉండేవి. కొన్ని చోట్ల ఆడిటర్‌కి చూపించే సిస్టమ్‌లో లేకుండా కొన్ని బాక్సులు నడిపేవారు. అందుకే ఏటా ఆడిట్ తప్పనిసరి చేశారు. సీరియల్ మధ్యలో తెర మీద ఒక నంబరు మెరిసి మాయమవుతుంది చూడు, దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు. ఛానెల్ తరఫు మనిషి ఏ హోటల్లోనో కూర్చుని ఆ నంబరు ఫోటో తీసుకుపోతాడు. అది ఎం.ఎస్.ఓ. చూపించిన లిస్టులో లేకపోతే దొరికిపోయినట్టే. దీనివల్ల నీకేంటంటే, ఎం.ఎస్.ఓ. లెక్క తప్పని తేలి ఛానెల్ వాళ్లు సిగ్నల్ ఆపితే, డబ్బంతా సక్రమంగా కట్టిన నీ ఇళ్లు కూడా ఆగుతాయి.

నీకూ ఎం.ఎస్.ఓ.కీ మధ్య వాటా సంగతి. 2017 నిబంధనల ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకుండా సిగ్నల్ ఇవ్వకూడదు. సంతకమైన కాపీ నీకు ఇవ్వడం ఎం.ఎస్.ఓ. బాధ్యత. ఒప్పందంలో వాటాలు ఇద్దరూ మాట్లాడుకుని రాసుకోవచ్చు. మాట కుదరకపోతే ప్రామాణిక ఒప్పందం ఒకటి ఉంది, అందులో నెట్‌వర్క్ రుసుములోనూ (ఛానెళ్ల ధర కాకుండా కస్టమర్ నెలనెలా కనెక్షన్‌కి కట్టేది) ఛానెళ్ల పంపిణీ రుసుములోనూ ఎం.ఎస్.ఓ.కి 55 శాతం, ఆపరేటర్‌కి 45 శాతం. పాత 130 రూపాయల నెట్‌వర్క్ రుసుము మీద చూస్తే నీకు 58 రూపాయల 50 పైసలు, ఎం.ఎస్.ఓ.కి 71 రూపాయల 50 పైసలు. 19 రూపాయల ఛానెల్ మీది 3 రూపాయల 80 పైసల్లో నీ వంతు 1 రూపాయి 71 పైసలు. ఆ 15 శాతం అదనపు డిస్కౌంటు సంగతి ఒప్పందంలో ఏం రాసి ఉంటే అదే. చాలా ఒప్పందాల్లో దాని ఊసే ఉండదు, ఊసు లేదంటే అది ఎం.ఎస్.ఓ. దగ్గరే ఉండిపోతుంది.

2024 జూలైలో ట్రాయ్ నెట్‌వర్క్ రుసుము మీది పరిమితి తీసేసింది. అంతకుముందు 200 ఛానెళ్ల దాకా 130, ఆపైన 160 ఉండేది. ఇప్పుడు ఎంతైనా పెట్టుకోవచ్చు, ఊరిని బట్టి మార్చుకోవచ్చు కూడా, కానీ బహిరంగంగా ప్రకటించాలి. ఎం.ఎస్.ఓ. సొంతంగా కట్టే ప్యాకేజీల మీద డిస్కౌంటు కూడా 15 నుంచి 45 శాతానికి పెంచారు. పోటీ పెరిగి కస్టమర్‌కి తగ్గుతుందని ట్రాయ్ ఉద్దేశం. అనంతపురం టౌనులాంటి చోట అది నిజమే. పోటీ లేని పల్లెలో ఆ స్వేచ్ఛ ఎం.ఎస్.ఓ. చేతిలో బలంగా మారుతుందని నాకు భయంగా ఉంది. హోల్‌సేల్ రేటుకి పైన హద్దు ఉంచి, మధ్యలో రుసుముకి హద్దు తీసేయడం చిన్న ఆపరేటర్‌కి మేలు చేసే పని కాదు.

ఇద్దరికి రెండు రేట్లు ఉండొచ్చా అన్నావు. కారణం ఉంటే ఉండొచ్చు. బాక్సులు ఎవరు కొన్నారు, ఫైబరు ఎవరు లాగారు, కలెక్షన్ ఎవరు చేస్తున్నారు, రిపేరు ఎవరిది అన్నదాన్ని బట్టి వాటా మారొచ్చని నిబంధనలే ఒప్పుకుంటాయి. ఉరవకొండ ఆయన సొంత డబ్బుతో పదిహేను కిలోమీటర్ల ఫైబరు వేసుకుని ఉంటే ఆయనకు తక్కువ పడటంలో తప్పు లేదు. అన్నీ సమానంగా ఉండి, మనిషిని బట్టి రేటు మారితే మాత్రం అది వివక్షే, చట్టం ఒప్పుకోదు.

ఎం.ఎస్.ఓ.కి వచ్చే డబ్బులో నీకు కనపడనిది ఇంకొకటుంది. క్యారేజ్ ఫీజు. మా ఛానెల్ మీ నెట్‌వర్క్‌లో పెట్టండి అని ఛానెల్ వాళ్లే ఎం.ఎస్.ఓ.కి కట్టే డబ్బు. దానికి ట్రాయ్ పరిమితి పెట్టింది. 2024 జూలై సవరణకు ముందు అది మామూలు ఛానెల్‌కి చందాదారుకు నెలకు 20 పైసలు, హెచ్.డి. ఛానెల్‌కి 40 పైసలు, మొత్తం మీద ఒక ఛానెల్‌కి నెలకు 4 లక్షలు దాటకూడదని ఉండేది. మంచి నంబరులో పెట్టినందుకు ఇచ్చే ప్లేస్‌మెంట్ డబ్బు, మార్కెటింగ్ డబ్బు ఈ పరిమితిలోకి రావు. ఛానెల్‌ని ఇళ్లదాకా మోసేది నీ వైరు, ఆ డబ్బులో నీకు వాటా లేదు. ఇది అన్యాయమని నేను ఎప్పటి నుంచో అంటున్నాను.

ఛానెల్ ఆపే బలం కూడా చిన్నది కాదు. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో ఆగిపోయాయి. 2024 జూన్‌లో మన రాష్ట్రంలో కొన్ని న్యూస్ ఛానెళ్లు కనపడకుండా పోతే, టీవీ9 విషయంలో ఢిల్లీ హైకోర్టు 15 ఎం.ఎస్.ఓ.లకు ప్రసారం పునరుద్ధరించమని చెప్పింది. హోల్‌సేల్ నిబంధనలంటే రూపాయి పైసలే అనుకోవద్దు. ఏ ఇంట్లో ఏ వార్త కనపడాలన్నది కూడా వాటి కిందికే వస్తుంది.

కాంపిటీషన్ కమిషన్ సంగతి. నీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న పెద్ద వ్యవహారం కేరళలో జరిగింది. అక్కడ ఏషియానెట్ డిజిటల్ అనే ఎం.ఎస్.ఓ. స్టార్ ఇండియా మీద ఫిర్యాదు చేసింది. పోటీ ఎం.ఎస్.ఓ.కి మార్కెటింగ్, ప్రకటనల ఒప్పందాల రూపంలో డబ్బు తిరిగి ఇస్తూ 35 శాతం పరిమితిని దాటేశారని దాని ఆరోపణ. 2022 ఫిబ్రవరిలో కమిషన్ విచారణకు ఆదేశించింది. ట్రాయ్ ఉండగా కమిషన్‌కి ఏం పని అని కోర్టుల్లో గట్టిగా వాదన నడిచింది. నేను పైన చెప్పిన 'మార్కెటింగ్ పేరుతో చేతులు మారే డబ్బు' ఇదే. ట్రాయ్ కాగితం మీద రేటు ఎంత సమానంగా ఉన్నా, పక్క ఒప్పందంలో డబ్బు తిరిగొస్తే అసలు రేటు వేరైపోతుంది. ఆ మార్కెటింగ్ ఒప్పందాలను కూడా ట్రాయ్ దగ్గర దాఖలు చేయించి, డిస్కౌంటులో భాగంగా లెక్కించనంత వరకు ఈ రంగంలో హోల్‌సేల్ రేటు సమానం అనలేం.

నీ కేసు మాత్రం అది కాదు. కమిషన్ ముందు నిలబడాలంటే మీ ఎం.ఎస్.ఓ. మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థ అని ముందు నిరూపించాలి. మీ ఊళ్లో డీటీహెచ్ గొడుగులున్నాయి, ఏపీ ఫైబర్‌నెట్ ఉంది, కస్టమర్‌కి దారులున్నాయని వాళ్లు అంటారు. పైగా 2018 డిసెంబరు 5న ఎయిర్‌టెల్ కేసులో సుప్రీంకోర్టు, రంగానికి ఒక నియంత్రణ సంస్థ ఉన్నప్పుడు ముందు ఆ సాంకేతిక విషయాలు అది తేల్చాలి, తర్వాతే కమిషన్ అని చెప్పింది. కమిషన్‌కి రాసి ఏడాది పోగొట్టుకోవద్దు.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెడదామని కొందరు సలహా ఇస్తారు. కేబుల్ చట్టం కింద జిల్లా అధికారులకు అధికారాలున్న మాట నిజమే, కానీ అవి రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం, దూరదర్శన్ ఛానెళ్లు చూపించకపోవడం లాంటి వాటి మీద. వాటాల తగాదా వాళ్లు తేల్చలేరు. సివిల్ కోర్టుకీ ఇందులో అధికారం లేదు. ట్రాయ్ నిబంధనలు చేస్తుంది, విడి తగాదాలు తీర్చదు. నీకున్న చోటు టీడీశాట్. అది ఢిల్లీలో ఉందని భయపడకు. కేసు దాకా పోకుండా రాజీ కుదిర్చే మీడియేషన్ కేంద్రం కూడా అక్కడ ఉంది. ఒక్కడివే పోతే ఖర్చు కిట్టదు. ఒకే ఎం.ఎస్.ఓ. కింద, ఒకే రకమైన ఒప్పందంతో ఉన్న ఐదారుగురు కలిసి ఒక లాయరు నోటీసు పంపండి. నోటీసులో 'రేటు ఎక్కువ' అని రాయొద్దు. ఒప్పందం కాపీ, ప్రామాణిక వాటా, ట్రాన్సాక్షన్ రిపోర్టులో తేలిన తేడా, ఈ మూడే రాయండి. నాకు తెలిసిన తగాదాల్లో సగానికి పైగా ఆ నోటీసు దగ్గరే తీరిపోయాయి.

చివరిది, ఎం.ఎస్.ఓ.ని మార్చడం. హక్కు నీకుంది, ఒప్పందం ప్రకారం ముందుగా 21 రోజుల నోటీసు ఇస్తే చాలు. నిన్ను ఆపాలన్నా ఎం.ఎస్.ఓ. అంతే నోటీసు ఇవ్వాలి. అసలు అడ్డంకి నోటీసు కాదు, బాక్సులు. ఒక ఎం.ఎస్.ఓ. బాక్సు ఇంకో ఎం.ఎస్.ఓ. సిగ్నల్‌కి పనిచేయదు. ఏ నెట్‌వర్క్‌కైనా పనిచేసే బాక్సులుండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే సిఫారసు చేసింది, ఇంతవరకు మన ఇళ్లకు రాలేదు. పోటీకి ఈ రంగంలో అతి పెద్ద అడ్డు ఇదేనని నేననుకుంటా. నాలుగు వందల బాక్సులు మార్చాలంటే ఆ పెట్టుబడి ఎవరిదో కొత్త ఎం.ఎస్.ఓ.తో ముందే రాయించుకోవాలి. 'బాక్సులు ఫ్రీ' అన్నారంటే, ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలి, మధ్యలో వదిలితే ఎంత కట్టాలి అన్న పేజీ చదవకుండా సంతకం పెట్టకు. ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి మొదలుపెట్టినప్పుడు చాలామంది ఆపరేటర్లు కాగితం చదవకుండానే దూకారు. బాక్సు చెడిపోతే ఎవరు మార్చాలో తెలియక తర్వాత ఇబ్బంది పడ్డారు.

ఇంకో సంగతి, మార్చేటట్టయితే ఐపీఎల్ మొదలవడానికి రెండు నెలల ముందే మార్చు, లేదా అది ముగిశాక మార్చు. 2024 నవంబరులో స్టార్, వయాకామ్18 కలిసి జియోస్టార్ అయ్యాక క్రికెట్ హక్కుల్లో పెద్ద భాగం ఒకే చోట చేరింది. మ్యాచ్‌ల సీజన్‌లో ఏ ఎం.ఎస్.ఓ. ఆ ఛానెళ్లు లేకుండా నడపలేదు, ఆ రెండు నెలల్లో నీ మాటకూ బలం ఉండదు. ముందు ట్రాన్సాక్షన్ రిపోర్టు దించుకుని ఆ రెండు కాలమ్‌లు చూడు. ఒప్పందం కాపీ దొరక్కపోతే, కాపీ ఇవ్వమని ఎం.ఎస్.ఓ. ఆఫీసుకి స్పీడ్ పోస్టులో లేఖ రాసి రసీదు దాచుకో.